ఆగకూడని బండి

1946 ఆగస్టు 11, ఆదివారం. బెజవాడ.

ఈ డైరీ ఆయన కొన్నది. జనవరిలో నాలుగు పేజీలు రాసి వదిలేశారు. ఏ పనైనా అంతే. గన్నవరంలో మిలిటరీ వాళ్ళ వేలంలో పికప్పు బండి కొన్నారు, దాన్ని చూసుకుని మూడు నెలలు మురిశారు, టైఫాయిడ్ తెచ్చుకుని వైశాఖంలో వెళ్ళిపోయారు. చచ్చినవాళ్ళని తిట్టకూడదంటారు. బతికుండగా తిట్టడానికి ఆయన నాకు తీరికెక్కడిచ్చారు? మిగిలిన పేజీలు నావి, మిగిలిన బండి నాది.

ఇవాళ పెడన నుంచి బావగారు వచ్చారు. ఎప్పటిలాగే ఆయన వసారాలో, నేను తలుపు వెనక. బావగారి ఎదుట పడకూడదు, నేరుగా పలకకూడదు. మధ్యలో ఆయన భార్య, నా తోటికోడలు సంపూర్ణమ్మక్క తపాలా బంట్రోతు.

"ఆడకూతురికి బండెందుకో అడుగు" అన్నారు బావగారు.

నాకు వినబడింది. అయినా అక్క తలుపు దగ్గరికొచ్చి "ఆడకూతురికి బండెందుకంటున్నారు" అంది.

"బెజవాడ నుంచి పెడనకు నూలు, పెడన నుంచి బెజవాడకు గుడ్డ, ఇవి కాళ్ళొచ్చి నడుస్తాయేమో కనుక్కో అక్కా" అన్నాను.

ఆయనకూ వినబడింది. అయినా అక్క చెప్పేదాకా మీసం దువ్వుకుంటూ కూర్చున్నారు. ఇద్దరు చెవిటివాళ్ళ మధ్య ఒక మంచిమనిషి గొంతు అరిగిపోయింది.

చివరికి తేల్చింది ఇదీ. కార్తిక పౌర్ణమి దాకా బండి నా చేతిలో ఉంటుంది. ఈలోగా దారిలో ఒక్కసారి ఆగిందా, బస్సుల తిరుపతిరావుకు అమ్మేస్తారు, నేను ఈ ఇల్లు మూసి పెడన వెళ్ళి వాళ్ళింట్లో ఉండాలి. ఆగకపోతే బండి నాదే. మా కులపెద్ద పాండురంగయ్యగారు సాక్షి. నేను సరేనన్నాను. అనక చేసేదేముంది? వాళ్ళింట్లో నా చోటు నాకు తెలుసు. పొయ్యి ముందు పీట, పండగ రోజున పెరటి గది.

బండి మీద నాకు మమకారమేమీ లేదు. ఇనుము.

ఆగస్టు 14

డ్రైవరు ఇశ్రాయేలుని ఆయనే పెట్టుకున్నారు. యుద్ధంలో లారీ తోలాడట. మాటకు ముందు "మిలిటరీలో", మాటకు వెనక "మిలిటరీలో". ఆదివారం ఉదయం చస్తే బండి ముట్టుకోడు. అబద్ధమాడడట, అది గొప్ప. నిన్న ఎందుకు ఆలస్యమయిందిరా అంటే, "నిద్రపట్టేసిందమ్మగారూ" అన్నాడు. ఇంకొకడైతే నా మీద గౌరవంతోనైనా చక్రం పంక్చరయిందని చెప్పేవాడు.

మొన్న బుడమేరు నీళ్ళు రోడ్డెక్కితే ఆగకుండా అందులోంచే తోలాడు. నూలు తడవలేదు, మెచ్చుకున్నాను. మెచ్చుకోకుండా ఉండాల్సింది. ఇవాళ గేరు మారుస్తుంటే కింద నుంచి ఒక మూలుగు.

"నీళ్ళలో దిగిన బండి. గేరుపెట్టెలో ఆయిలు మార్చాలి" అన్నాను.

"మోత పెద్దదయ్యేదాకా పెట్టె జోలికి పోగూడదమ్మగారూ. మిలిటరీలో అదే పద్ధతి."

"మిలిటరీలో ఒకటి పాడైతే ఇంకొకటి ఇచ్చేవాళ్ళు. ఇక్కడెవరిస్తారు, మీ పాస్టరుగారా?"

నవ్వాడు. ఏం చూసుకుని నవ్వుతాడో.

ఆయన అన్నం తింటూ కూడా బండి సంగతులే చెప్పేవారు. నేను పప్పు వడ్డిస్తూ వినడం లేదనుకునేవారు. ఆర్నెల్లకొకసారి గేరు ఆయిలు మార్చాలి, నీళ్ళలో దిగితే ఆ వారంలోనే. మగాళ్ళు నేర్చుకోడానికి వేలం దాకా వెళ్ళాలి. ఆడవాళ్ళకు వంటిల్లు చాలు.

ఆగస్టు 17

మార్పించాను.

ముందు కంకిపాడు దాకా తోలుకుని రమ్మన్నాను. ఎందుకన్నాడు. నెయ్యి పేరుకున్నప్పుడు వంచితే కారుతుందా, వెచ్చబెడితే కారుతుందా అన్నాను. ఆయిలు వేడి మీదుంటేనే అడుగునున్న మడ్డితో సహా దిగుతుంది. వచ్చాక చదునైన చోట నిలబెట్టించాను.

అతను పానా పట్టుకుని కిందికి దూరి నేరుగా అడుగు బిరడా మీద పెట్టాడు. కేకేశాను. పక్కనున్న బిరడా ముందు విప్పాలి, అది పోసే దారి. అది బిగుసుకుపోయి ఊడకపోతే? అడుగుది విప్పి ఉన్న ఆయిలంతా పారబోశాక కొత్తది పోయడానికి దారి ఉండదు. బండి వీధిలో బొమ్మలా నిలబడుతుంది. ఇంత చిన్న సంగతి యుద్ధం గెలిచిన వాడికి తెలియదు.

పక్కది ఊడింది. తరవాత అడుగుది. ఆయిలు పాలెక్కువైన కాఫీ రంగులో వచ్చింది. నీళ్ళు చేరితే అదే రంగు. బిరడాకు అంటుకున్న మడ్డిని వేళ్ళ మధ్య నలిపి చూశాను. సన్నగా మెరుగు ఉంటే అరుగుదల, ఫరవాలేదు. గరుకుగా ముక్కలు తగిలితే పళ్ళు విరిగినట్టు. మెరుగే.

కిరసనాయిలు పోసి కడిగించాను. రేషను మీద వచ్చిందంతా అందులోకే పోయింది. ఈ వారం లాంతరు లేదు, పగలే రాసుకుంటున్నాను. చుక్క లేకుండా కారనిచ్చి, అడుగు బిరడా బిగించి, కొత్త ఆయిలు పక్క కన్నంలోంచి పోశాం. ఎంత పోయాలన్నాడు. కన్నం అంచుదాకా వచ్చి బయటికి కారేంత. అంతకు తక్కువైతే పై పళ్ళకు అందదు.

రెండు డబ్బాలు తెప్పిస్తే ఒకటి పట్టింది. రెండోది నా పెట్టెలో పెట్టి తాళం వేశాను. గేరు ఆయిలుకి బజారులో ఉన్న గిరాకీ నాకు తెలుసు, అతనికీ తెలుసు.

ఆగస్టు 18

మూలుగు లేదు. చెప్పానా.

సెప్టెంబరు 6

పెడన వెళ్ళి వచ్చాం. డ్రైవరు పక్కన కూర్చుంటే లోకం ఊరుకోదు కనక వెనక నూలు కట్టల మీద కూర్చుంటున్నాను. అక్కడ కూర్చున్నా లోకం ఊరుకోదు. ఉయ్యూరులో ఒకడు "అమ్మవారి ఊరేగింపొచ్చిందిరోయ్" అన్నాడు. వాడి బతుక్కి ఎడ్లబండి కూడా లేదు.

ఇశ్రాయేలు దారంతా కీర్తనలు. గొంతు బాగానే ఉంటుంది. ఆ మాట అతనికి చెప్పను, నెత్తికెక్కుతాడు.

సెప్టెంబరు 21

బండి బాగుంది.

ఆయన ఉంటే ఈ పాటికి దానికేదో పేరు పెట్టి ఉండేవారు. మతిలేని మనిషి.

అక్టోబరు 4, మహర్నవమి

ఆయుధ పూజ. మగ్గాలకూ నాడెలకూ చేసే పూజ బండికి కూడా చెయ్యాలని బావగారు తెల్లవారేసరికి మందిని వెంటేసుకుని పెడన నుంచి దిగారు. పాండురంగయ్యగారు, ఇంకో నలుగురు, ఎడ్లబండ్లు బాగుచేసే రత్తయ్య. పెద్ద పీట మీద చౌడేశ్వరమ్మ పటం, పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు. కూష్మాండం పగలగొట్టడానికి రత్తయ్య. ఇనుమంటే రత్తయ్యే గదా, కర్రతో చేసిన చక్రమైనా, రబ్బరుతో చేసిన చక్రమైనా.

నన్ను పెరటి గదిలో కూర్చోమన్నారు. విధవ ఎదురుపడితే పూజ చెడుతుంది. నేను కొన్న పసుపు, నేను కడిగించిన బండి, నేను మాత్రం పనికిరాను. ఇశ్రాయేలుని వీధి గేటు అవతల నిలబెట్టారట, కిరస్తానం వాడని. అలా బండి గురించి తెలిసిన ఇద్దరినీ బయటికి పంపి, తెలియని అరడజను మంది పూజ చేశారు.

గంటలు, అరుపులు, గంటసేపు. ఆముదం వాసన గదిలోకి వచ్చింది. చక్రాలకు కందెన పూసినట్టున్నారు. పూసుకోనీ. మా బావగారికి గేరుపెట్టెకూ భోషాణానికీ తేడా తెలియదు.

కిటికీ లేని గదిలో మూడుగంటలు కూర్చున్నాను. ఏడవలేదు. ఉక్కపోత.

అక్టోబరు 12

ఉదయం పూట గేరు గట్టిగా పడుతోంది.

అక్టోబరు 19

గేరు గట్టిగా పడుతోంది. "ఓసారి పెట్టె విప్పి చూద్దామమ్మగారూ" అన్నాడు ఇశ్రాయేలు.

ఆగస్టులో ముట్టుకోకూడదన్నవాడు అక్టోబరులో విప్పుదామంటున్నాడు. ఎందుకు? కొత్త ఆయిలు పోసి రెండు నెలలు కాలేదు. నా పెట్టెలో రెండో డబ్బా ఉందని వాడికి తెలుసు. తాళంచెవి మొలకు దోపుకుని తిరుగుతున్నాను.

"ఆర్నెల్లు కావాలి" అన్నాను.

"మోత మారిందమ్మగారూ."

"నీ చెవులు మారాయి."

అక్టోబరు 24, దీపావళి

దీపాలు పెట్టలేదు. మూలుగు వినబడుతోంది. కార్తిక పౌర్ణమి దాకా నెట్టుకొస్తే చాలు. ఆ తరవాత ఏమైనా చేయిస్తాను. నాకు భయమేమీ లేదు.

నవంబరు 8, శుక్రవారం. పెడనలో, అక్క వంటింట్లో కూర్చుని.

ఈ రోజు జరిగింది రాస్తేగాని నిద్ర పట్టదు.

ఉదయం బెజవాడ గూడ్స్‌షెడ్డులో నూలు ఎత్తిస్తున్నాం. రేపే పౌర్ణమి, ఇదే ఆఖరి ప్రయాణం. బండి కదిలిస్తే గేరు పడనని మొరాయించింది. విప్పుతావా అన్నాను. ఇశ్రాయేలు పక్క బిరడా విప్పి వేలు పెట్టాడు. వేలు పొడిగా వచ్చింది. కన్నం దాకా ఉండాల్సిన ఆయిలు కన్నంలో లేదు. ఒక పుల్ల వంచి లోపలికి దింపి తీశాడు. కొసకు అంటుకున్నది జిగురుగా, పసుపుపచ్చగా ఉంది. వాసన చూశాను.

ఆముదం.

నా ఒళ్ళు మండిపోయింది. నేను పోయించినది కొత్త గేరు ఆయిలు. బండి ఎవరి చేతిలో ఉంటుంది? పానా ఎవరి చేతిలో ఉంటుంది? హమాలీలంతా చూస్తున్నారు. అయినా అన్నాను.

"మంచి ఆయిలు అమ్ముకుని ఆముదం పోశావురా దొంగ వెధవా."

ఇశ్రాయేలు పుల్ల కింద పెట్టాడు. "అది పోసినోళ్ళకే తెలియాలమ్మగారూ" అన్నాడు.

నా వైపు చూసి అన్నాడు. నాకు అర్థమైంది. పిసినారితనంతో నేనే పోశానని వాడి అనుమానం! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవాల్సింది పోయి, నా భుజం మీద చెయ్యి వేస్తున్నాడు. హమాలీ ఒకడు నవ్వాడు. నేను మళ్ళీ అన్నాను, దొంగ అని. ఇంకొంచెం గట్టిగా. రెండో డబ్బా వెంట ఉన్నా బయటికి తియ్యలేదు, జిగురు కడక్కుండా పోస్తే అదీ దండగ.

"తోలతావా, పోతావా?"

"మాటిచ్చాను గదా, పెడన చేరుస్తా" అన్నాడు. దారంతా కీర్తన లేదు.

పామర్రు దాటాం. గుడ్లవల్లేరు దాటాం. పెడన ఇంకా మూడు మైళ్ళుందనగా కింద నుంచి పటుక్కుమని ఒక చప్పుడు, తరవాత ఏమీ లేదు. బండి కాలవ గట్టున నిలబడిపోయింది. రెండు పక్కలా వరి. ఒక కొంగ మమ్మల్ని చూసి ఎగరడం కూడా దండగనుకుంది.

ఇశ్రాయేలు ఒక్కొక్క గేరే ప్రయత్నించాడు. ముందుకు పోయేవి ఒక్కటీ పడలేదు. పొద్దు వాలుతోంది. నాకు పెరటి గది కనిపించింది, పొయ్యి ముందు పీట కనిపించింది. నూలు కట్టల మీద కూర్చుని చేతిలో ముఖం పెట్టుకున్నాను. అప్పుడు బండి ఒక్క జానెడు వెనక్కి జరిగింది.

"ఎనక్కి పోయేది పడిందమ్మగారూ" అన్నాడు.

"అయితే?"

"ఎనక్కే పోదాం."

బండిని అటూ ఇటూ నెట్టి, దారిన పోయే రైతులిద్దరిని బతిమాలి, ముక్కు బెజవాడ వైపుకి తిప్పాం. వెనక పెడన వైపుకి. అలా బయలుదేరాం. మూడు మైళ్ళు! వెనక కట్టల మీద కూర్చున్న నేనిప్పుడు ముందున్నాను. అతను మెడ తిప్పి తోలుతున్నాడు గాని నూలు అడ్డం, దారి కనబడదు. నేను చెప్పాలి.

"కుడికి. ఇంకా కుడికి. గేదె ఉంది, నెమ్మదిగా. ఎడమకు."

దొంగ అన్న నోటితోనే చెప్పాను. అతను చెప్పినట్టే తిప్పాడు. నేను తప్పు చెప్తే ఇద్దరం కాలవలో ఉండేవాళ్ళం. అతను ఒక్కసారి కూడా అనుమానించలేదు.

పెడనలో మగ్గాలు వదిలేసి వీధంతా బయటికొచ్చింది. బండి వెనక్కి నడుచుకుంటూ, ముందు నేను ఉత్సవ విగ్రహంలా. నవ్వని మనిషి లేడు. నేను తల దించలేదు. దించితే దారెవరు చెప్తారు?

నవంబరు 9, కార్తిక పౌర్ణమి. పెడన.

పొద్దున్నే బావగారి వసారాలో పెద్దలు కూర్చున్నారు. పాండురంగయ్యగారు మధ్యలో. తిరుపతిరావు కూడా వచ్చాడు, పెళ్ళిచూపులకొచ్చినవాడిలా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని. నేను తలుపు వెనక. ఇశ్రాయేలు వాకిట్లో.

రాత్రి నేను అక్కతో "బండి ఆగలేదు, వెనక్కి తోలడం సరదాకి" అని చెప్పించాను. ఎవడు నమ్ముతాడు? కానీ కాదనడానికి సాక్షి ఎవరు? ఆ రైతులు ఏ ఊరివాళ్ళో, మిగిలింది ఇశ్రాయేలు ఒక్కడే.

"ఏమోయ్" అన్నారు పాండురంగయ్యగారు. "దారిలో బండి ఎక్కడైనా ఆగిందా? ఉన్నదున్నట్టు చెప్పు."

తలుపు సందులోంచి అతన్నే చూస్తున్నాను. వాడిని దొంగ అన్నాను, ఇరవై మంది ముందు. అయినా సరే అబద్ధమాడాలని కోరుకున్నాను. నా సిగ్గు సంగతి నా డైరీకి తప్ప ఎవరికీ చెప్పను.

"ఆగిందండీ" అన్నాడు.

వసారా కదిలింది. తిరుపతిరావు చొక్కా సర్దుకున్నాడు. అక్క నా చెయ్యి పట్టుకుంది, విదిలించాను.

"ఎందుకాగింది?" అన్నారు పాండురంగయ్యగారు.

"గేరుపెట్టెలో ఆయిలు లేదండీ. కాస్త ఆముదముంది, అంతే."

"ఉండదా మరి!" అన్నారు బావగారు, ఛాతీ విరుచుకుని. "మేం పోసిందే గదా!"

నా చెవులను నేను నమ్మలేదు. ఆయన చెప్పుకుపోతున్నారు. ఆయుధ పూజ నాడు ఇరుసుకి కందెన మార్చడం మన ఇంటి పద్ధతి, పాతది తుడిచి కొత్తది వెయ్యాలి గదా, రత్తయ్య కిందికి దూరి బిరడాలు విప్పాడు, లోపల నల్లగా కంపు కొడుతున్న మడ్డి దిగింది, దాన్ని పారబొయ్యడమెందుకని రత్తయ్య తన ఎడ్లబండికి పట్టుకెళ్ళాడు, అమ్మవారి ముందు పెట్టిన ఆముదం సోలెడు స్వయంగా నేనే పోశాను...

నేను తలుపు తీసుకుని వసారాలోకి వచ్చేశాను.

అలా వస్తానని నేనూ అనుకోలేదు. పదకొండేళ్ళ కాపురంలో బావగారి ముఖం నేరుగా చూడడం అదే మొదటిసారి. ఆయన చెంప మీద పుట్టుమచ్చ ఉంది. నా భర్తకు అక్కడే ఉండేది.

"సోలెడా బావగారూ?" అన్నాను. "డబ్బాడు పట్టే పెట్టెలో సోలెడా?"

ఆయన లేచి నిలబడ్డారు. ఎటు చూడాలో తెలియక స్తంభాన్ని చూశారు. అక్కతో చెప్పమని అలవాటు కొద్దీ చెయ్యెత్తి, దించేశారు.

"మీరు పారబోసింది మడ్డి కాదు, కొత్త ఆయిలు. అది నల్లగానే ఉంటుంది. నన్ను పెరట్లో కూర్చోబెట్టకపోతే చెప్పేదాన్ని. ఆ మనిషిని గేటు బయట నిలబెట్టకపోతే అతను చెప్పేవాడు. పూజ చెడిపోకూడదని మమ్మల్ని బయటికి పంపారు. ఏం చెడిందో వాకిట్లో ఉంది, వెళ్ళి చూసుకోండి."

బావగారి గడ్డం అదిరింది. "తమ్ముడి బండమ్మా" అన్నారు, నాతోనే, నేరుగా. "వాడి చేతిది అదొక్కటే మిగిలింది. పది కాలాలు నడవాలని పోశాను. నాకేం తెలుసు?"

బండి కాజెయ్యడానికే చేశాడని తిట్టడానికి నా నోటి నిండా మాటలున్నాయి. ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే ఒక్కటీ బయటికి రాలేదు. బావగారిని మూర్ఖుడనుకున్నాను, మూర్ఖుడే. దుర్మార్గుడనుకున్నాను, కాదు. ఈ రెంటికీ తేడా నాకు ముందే తెలిసి ఉంటే బాగుండేది.

"ఆపినవాడివి నువ్వేరా చౌడయ్యా" అన్నారు పాండురంగయ్యగారు బావగారితో. "అమ్మాయి తప్పేముంది ఇందులో? బండి ఆమెదే. ఇక ఈ పంచాయితీ చాలు, నాకు ఆకలేస్తోంది."

తిరుపతిరావు భోజనం కూడా చెయ్యకుండా వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం బావగారి వాకిట్లోనే పెట్టె కడిగించాను. వాళ్ళింటి కిరసనాయిలు మొత్తం పట్టింది. ఒకసారి కడిగితే జిగురు వదల్లేదు, మూడుసార్లు పోసి, చక్రం ఎత్తి తిప్పి, మళ్ళీ దించాం. బిరడాకు పన్ను ముక్క ఒకటి కూడా అంటుకోలేదు. అదృష్టం, జిగురే పట్టేసింది, విరగలేదు. నా తాళం పెట్టెలో దాచిన రెండో డబ్బా నూలు కట్టల మధ్య వెంట తెచ్చుకున్నాను, ఇంట్లో ఉంచితే ఎవడైనా ఎత్తుకుపోతాడని. అదే పోశాం. బావగారు గరాటు పట్టుకున్నారు. కన్నంలోంచి కారేదాకా పొయ్యాలని నేనే చెప్పాను. ఆయన తలూపారు.

ఇశ్రాయేలు పని చేశాడు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

నవంబరు 11, బెజవాడ

బండి వెన్నలా నడిచింది. ఇంటి ముందు ఆపి, ఇశ్రాయేలు బండి తాళంచెవి అరుగు మీద పెట్టాడు.

"ఇంక చాలమ్మగారూ. నేను పోతా."

"ఎందుకు? దొంగతనం నువ్వు చెయ్యలేదని తేలిందిగా."

"తేలిందిలెండి" అని వెళ్ళిపోయాడు.

పోతే పోనీ. బెజవాడలో డ్రైవర్లకు కరువా?

నవంబరు 13

ఒకడు వచ్చాడు. తాగి ఉన్నాడు.

నవంబరు 14

ఇంకొకడు. ఆడదాని దగ్గర పని చేస్తే తమ్ముళ్ళు నవ్వుతారట. వీడి తమ్ముళ్ళు వీడిని చూసి ఇప్పటిదాకా ఏడుస్తున్నారన్నమాట.

పోతే పోనీ.

నవంబరు 16

పక్క బిరడా నేనే విప్పి చూశాను. ఆయిలు అంచుదాకా ఉంది. బండి బాగుంది. కదలడం లేదు. పెడనలో నేతగాళ్ళు నూలు కోసం ఎదురుచూస్తుంటారు. అన్నీ గెలిచి వాకిట్లో ఇనుము పెట్టుకుని కూర్చున్నాను.

నవంబరు 17

చర్చి అయ్యే వేళకు వాళ్ళ పేటకు వెళ్ళాను. ఇశ్రాయేలు భార్య రూతు ముక్కాలిపీట వేసింది. కూర్చోలేదు, తరవాత కూర్చున్నాను. అతను వచ్చాడు.

"నువ్వు దొంగవు కావు" అన్నాను.

"నాకు తెలుసమ్మగారూ" అన్నాడు.

అంతే. లేచి వచ్చేశాను. వీధి మలుపు దాకా రూతు వచ్చి, "ఆ మాట ఆయనకు చెప్తే ఏం లాభమమ్మా? షెడ్డులో హమాలీలు ఇప్పటికీ నవ్వుతున్నారు. ఆయిలోడా అని పిలుస్తున్నారు" అంది.

నవంబరు 18

వెళ్ళను. వ్యాపారం చేసుకునే మనిషిని, గూడ్స్‌షెడ్డులో నిలబడి హమాలీలకు సంజాయిషీ చెప్పుకోవాలా?

నవంబరు 19

వెళ్ళను.

నవంబరు 20

వెళ్ళాను.

తిరుపతిరావు బస్సు షెడ్డు ముందు నిలబడి ఉంది. స్టీరింగు దగ్గర ఇశ్రాయేలు. ఆ ఇస్త్రీ చొక్కా వాడు వారం తిరక్కుండా ఎగరేసుకుపోయాడు. వెనక్కి వచ్చేద్దామనుకున్నాను. కానీ హమాలీలు అప్పటికే నన్ను చూసి మోచేతులతో పొడుచుకుంటున్నారు, నవ్వించే మనిషి వచ్చిందని.

నూలు కట్ట ఒకటి ఎక్కి నిలబడ్డాను.

"మొన్న ఇక్కడ మీ అందరి ముందు ఇశ్రాయేలుని దొంగ అన్నాను. ఆయిలు అతను తియ్యలేదు. ఆముదం పోసింది మా ఇంటివాళ్ళు. తెలియకుండా నోరు పారేసుకున్నది నేను. ఇక మీద అతన్ని ఎవడైనా ఆయిలోడా అంటే నన్నన్నట్టే, నా నోరు ఎలాంటిదో మీరు చూశారు."

ముసలి హమాలీ ఒకడు తలపాగా తీసి దులుపుకుని "చెప్పింది చాల్లే అమ్మా, కట్ట దిగు, నూలు నలుగుతది" అన్నాడు. దిగాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఆయన పోయినప్పుడు కూడా నలుగురిలో ఇలా ఏడవలేదు.

ఇశ్రాయేలు బస్సు దిగి వచ్చాడు. కొంచెం దూరంలో నిలబడ్డాడు.

"తిరుపతిరావుగారికి ఈ నెలంతా తోలతానని మాటిచ్చానమ్మగారూ" అన్నాడు. "నెలాఖరు దాకా ఆగాలి. ఆగగలరా?"

నన్ను ఆగమంటున్నాడు! అన్ని వేళ్ళూ కాలినా నోరు చల్లారని నన్ను! నెలాఖరు దాకా నూలు ఎడ్లబండి మీద పంపాలి, పెడన చేరడానికి ఎన్ని రోజులు పడుతుందో, దారిలో బండివాడి సోది ఎంత వినాలో, బావగారు ఎన్నిసార్లు మనిషిని పంపి అడుగుతారో.

"సరే" అన్నాను. నా జన్మలో ఎవరికీ అంత తొందరగా సరే అనలేదు.